భద్రాద్రి త్రోవలో ఎఱకుండ

ఖమ్మము నుండి భద్రాచలమునకు బాట సుమారు నూట ఇరువది కిలోమీటర్లు. మొదట పత్తి చేలును మిరప తోటలును కనబడును. కొత్తగూడెము చేరునప్పటికి బొగ్గు గనుల సీమ ఎదురగును. రైలుమీద వచ్చు యాత్రికులు దిగు స్టేషనునకు భద్రాచలం రోడ్ అని పేరేకాని అది కొత్తగూడెముననే యున్నది. శ్రీరాముని కోవెల అక్కడికింకను నలువది కిలోమీటర్ల దూరము. పాల్వంచ దాటిన పిమ్మట బాటకిరుప్రక్కల టేకు, మద్ది, మోదుగ చెట్లు దట్టమగును. నడుమ కిన్నెరసాని యేఱు అడ్డము వచ్చును. విశ్వనాథ సత్యనారాయణగారి కిన్నెరసాని పాటలు చదివిన సోదరీమణులకు ఈ పేరు వినగానే, అత్తింటి బాధ కోర్వలేక ఏఱై పాఱిన కోడలు జ్ఞప్తికి వచ్చును. సారపాక దాటగానే గోదావరి. ఇక్కడి వంతెన 1965 లో తెఱవబడినది. అంతకు పూర్వము యాత్రికులు పడవలమీదనే ఆవలి యొడ్డు చేరుచుండిరి.

భద్రాద్రికి వచ్చినవారు కోవెల దర్శించి, గోపన్న చేయించిన నగల కథ విని, పర్ణశాలకు పోయి, సీతమ్మవారి నారచీర లారవేసిన చోటని చెప్పు రాతిని చూచి మఱలిపోవుదురు. అది తగినదే. కాని గోదావరి యొడ్డున దుమ్ముగూడెము వైపు నాలుగు పల్లెలు నడచినచో యాత్రికులకు కానరాని వేఱొక లోకము కలదు. కోయలు, కొండరెడ్లు, మత్స్యకారులు ఇరుగుపొరుగుగా నుండు సీమ యిది. ఉత్తరమున ఛత్తీసుగఢ్ అడవులు. తూర్పున శబరి వచ్చి కూనవరమువద్ద గోదావరిలో కలియును. ఈ పల్లెలలో సాయంకాలపు కూర తఱుచుగా నీటినుండియే రావలెను. ఆ కూరకు మూలమైన వస్తువొకటి ఇంటి వెనుక, జలదారి ప్రక్కన, చింతచెట్టు నీడను మూతవేసి యుండును. అది ఎఱకుండ. ఈ వ్యాసము దానిని గూర్చియే.

గాలమున గ్రుచ్చు తిండిని ఎఱ యందుము. వానపామునకును ఈ సీమలో ఎఱ్ఱ యనియే పేరు. కొన్ని చేపలు పిండిముద్దకు వచ్చును. కాని వాలుగ, జెల్ల, మార్పు, కొర్రమీను వంటివి కదలెడు ప్రాణినే కోరును. వానిలో కొర్రమీను మిక్కిలి ప్రియమైనది. 2016 లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్రపు చేపగా ప్రకటించినది. గాలమున చచ్చిన ఎఱ వ్రేలాడుచుండగా ఇట్టి చేప దగ్గఱకు వచ్చి వాసన చూచి వెనుకకు పోవుట అనుభవజ్ఞు లెల్లరు నెఱుగుదురు. కనుక గాలము పదును ఎంత ముఖ్యమో, ఎఱ ప్రాణముతో నుండుట అంత ముఖ్యము.

వర్షాకాలమున ఈ చిక్కు లేదు. తొలకరి పడగానే ఎఱ్ఱలు తామే పైకి వచ్చును. పిల్లలు కొబ్బరిచిప్పలతో ఏరి తెత్తురు. కాని వేసవిలో కొత్తగూడెము ప్రాంతమున ఎండ 45 డిగ్రీలను దాటుట కలదు. నేల ఎండి నెఱ్ఱెలు పాఱును. ఎఱ్ఱలు తడిని వెదకుకొనుచు లోలోతులకు పోయి చుట్టలు చుట్టుకొని నిద్రించును. నీరు తగ్గి చేపలు మడుగులలో చేరి, పట్టుట సులువగు దినము లవియే. ఎఱ దొరకని దినములును అవియే. ఇంట ఎఱకుండ నిలిపినవారికి ఆ పూట కూర కలదు. నిలుపనివారికి పచ్చిపులుసే గతి.

దుమ్ముగూడెము వైపు ఒక పల్లెలో నొక ముసలమ్మ తన కుండ మూత తీసి చూపెను. "అవ్వా, ఇందులో ఏం పెంచుతున్నావు?" అని అడిగితిని.

"ఎర్రలమ్మా. ఎండాకాలం తవ్వితే మోకాల్లోతు పోయినా ఒక్కటి దొరకదు. అందుకని ఇట్లా సాక్కుంటం" అనెను.

"మరి వీటికి తిండి?"

"కూరగాయ తొక్కలు, ఎండిన పేడ, కుళ్లిన ఆకు. ఉప్పు తగలకూడదు, పులుపు తగలకూడదు. చచ్చినదాన్ని చూడగానే తీసెయ్యాలె. ఒకటి కుళ్లితే కుండంతా కుళ్లుద్ది."

"గాలం ఎవరు వేస్తారు?"

"మా పెద్దోడు. చేప పడితే వాడు పట్టిండంటరు. ఎర బతికించింది నేనని ఎవరంటరమ్మా?" అని నవ్వెను.

ఆమె నవ్వులో నిష్ఠురము లేదు. కాని మాటలో సత్యము కలదు. ఆమె చెప్పిన నియమములలో ప్రతిదానికిని శాస్త్రము సాక్ష్యము పలుకుచున్నది.

ఎఱ్ఱకు ఊపిరితిత్తులు లేవు. అది చర్మముతోనే గాలి పీల్చును. చర్మము తడిగా నున్నంతవరకే గాలి లోనికి పోవును. ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విను ఎఱ్ఱలను గూర్చి 1881 లో నొక గ్రంథమే ప్రకటించెను. అందు పెరియరు అను ఫ్రెంచి పండితుని పరీక్షను పేర్కొనెను. గదిలోని పొడిగాలి తగిలిన ఎఱ్ఱ ఒక్క రాత్రిలోనే చచ్చెనట. నీటిలో పూర్తిగా ముంచిన పెద్ద ఎఱ్ఱలు కొన్ని దాదాపు నాలుగు నెలలు బ్రదికెనట! కనుక ఎఱ్ఱను చంపునది తడి కాదు. పొడిదనము చంపును, గాలి చొరని కుళ్లు నీరు చంపును, వేడి చంపును. ముప్పదియైదు డిగ్రీలు మించిన వేడికి పెక్కు జాతుల ఎఱ్ఱలు తాళజాలవు.

ఇక కుండ నమర్చు విధము. క్రొత్త కుండ యక్కఱలేదు. అంచు విఱిగిన పాతకుండయే మేలు. మట్టికుండ గోడలనుండి తడి ఊఱి ఆవిరియగుటచే లోపల చల్లబడును. మంచినీటి కుండ చల్లగా నుండుటకు కారణమిదియే. ప్లాస్టిక్ డబ్బాకు ఈ గుణము లేదు. ఎండ తగిలెనా లోపల ఉడుకును. కుండ యడుగున రెండు మూడు సన్నని రంధ్రములు చేసి, వానిపై పెంకులు పఱచి, జానెడెత్తున మెత్తని మట్టియు, చివికిన ఆకును, ఆఱిన పేడయు కలిపి నింపవలెను. పచ్చిపేడ వేయరాదు, అది లోపల వేడెక్కును. మట్టిని గుప్పిట పట్టి పిండినచో ఒకటి రెండు చుక్కలు మాత్రము రాలవలెను. ధార కారినచో తడి యెక్కువ. చుక్కయైన రాలనిచో తక్కువ. పైన తడిపిన గోనెముక్క కప్పి, కుండను నీళ్లుపోసిన పళ్లెములో ఇటుకముక్కపై నిలిపినచో చీమలు చేరవు.

ఏ ఎఱ్ఱ నైనను ఇట్లు సాకవచ్చునా యని అడుగవచ్చును. పొలములో లోతున నుండు లావుపాటి ఎఱ్ఱలు కుండలో పది పదునైదు దినములకంటె సుఖముగా నుండవు. పెంటకుప్పలలోను, ఆకు చివికిన చోటులలోను తిరుగు సన్నని ఎఱ్ఱలు మాత్రము కుండలోనే గ్రుడ్లు పెట్టి పిల్లలతో వర్ధిల్లును. తిండి కొంచెము కొంచెముగా ఒక మూల నుంచి, అది తీఱిన పిమ్మటనే మఱల వేయవలెను. ఎక్కువ వేసినచో అది పులిసి వేడియెక్కి ఎఱ్ఱలను చంపును. నిమ్మతొక్క, చింతపిప్పి, ఉప్పు కలిసిన కూరనీళ్లు ఎన్నడును పనికిరావు. ఉప్పు తగిలిన ఎఱ్ఱ శరీరములోని నీరంతయు బయటికి వచ్చి అది చచ్చును.

ఈ విద్య మన దేశమున మాత్రమే కలదనుకొనరాదు. ఐజాక్ వాల్టన్ అను ఇంగ్లీషు గ్రంథకర్త 1653 లో గాలపు వేటను గూర్చి వ్రాసిన పుస్తకము నేటికిని చదువబడుచున్నది. ఆయన ఎఱ్ఱలను తడినాచులో నుంచి, వేసవిలో మూడు నాలుగు దినముల కొకసారి నాచు మార్చుమనెను. ఎఱ్ఱలు నీరసించి చిక్కిపోవునప్పుడు దినమునకొక చెంచెడు పాలో మీగడయో నాచుపై చుక్కచుక్కగా విడువుమనెను. పిల్లలకే పాలు చాలని యిండ్లలో ఎఱ్ఱలకు మీగడ పోయుమనుట నవ్వు పుట్టించును. అయినను వాల్టన్ నాచు మార్చుటయు, మన అవ్వ చచ్చినదానిని తీసివేయుటయు ఒక్క సూత్రమే: ఇఱుకు కూడదు, కుళ్లు కూడదు.

గాలమునకు పోవునప్పుడు కుండ మోసికొనిపోవలదు. ఆ పూటకు కావలసిన ఎఱ్ఱలను మాత్రము తడిమట్టితో టేకు ఆకులోనో మోదుగ దొప్పలోనో చుట్టి నీడపట్టున ఉంచుకొనవలెను. యేటి యిసుకపై పెట్టరాదు. నడివేసవి మధ్యాహ్నమున ఇసుక పాదములను కాల్చును. ఆకు చుట్టలోని ఎఱ్ఱలు గడియలో నలిగిపోవును. మిగిలినవానిని ఇంటికి తెచ్చినచో వెంటనే కుండలో వేయక, వేఱొక చిప్పలో ఒక రాత్రి యుంచి, ఉదయమున బలముగా కదలువానినే కలుపవలెను.

చిఱుచేపలను ఎఱగా వాడువారి కష్టము వేఱు. వానికి నీరే గాలి. నీరు చల్లగా నున్నకొలది అందు ప్రాణవాయువు ఎక్కువగా కరగి యుండును. ఇరువది డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు తొమ్మిది మిల్లిగ్రాములు. ముప్పది డిగ్రీలకు ఏడున్నరయే. ఇట్లు గాలి తగ్గుచుండగా వేడివలన చేప యవసరము సుమారు రెట్టింపగును. అందుచేతనే ఉదయమున హాయిగా తిరిగిన చిఱుచేపలు మధ్యాహ్నమునకు పైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. అది ఆకలి కాదు, ఊపిరాడక చేయు మొఱ.

ఆ మొఱ వినుటకు ముందే చేయవలసిన పనులు కొన్ని కలవు. ఇఱుకు మూతి కుండకంటె వెడల్పు మూతి గోలెము మంచిది. గాలి తగులు నీటి ముఖమెంత పెద్దదైన అంత మేలు. చేపలను క్రిక్కిఱియ వేయరాదు. పట్టుటకు ముందు దినము మేత పెట్టరాదు. తిన్న చేప నీటిని త్వరగా ముఱికి చేయును. నీటిని మార్చునప్పుడు మూడవ వంతు మాత్రము తీసి, అంతే క్రొత్తనీరు కొంచెము ఎత్తునుండి సన్నని ధారగా పోయవలెను; ధార వెంట గాలి లోనికి పోవును. ఒక్కసారిగా చల్లని నీరు గ్రుమ్మరించినచో ఎండనబడి వచ్చిన పిల్లవానిపై కుండెడు చన్నీళ్లు పోసినట్లే యగును. చేప బెదరి చచ్చును. పట్టణములలో కుళాయినీటియందు క్లోరిను కలుపుదురు. మనకది మేలు, చేప మొప్పలకు విషము. ఆ నీటిని ఒక రాత్రి వెడల్పైన పాత్రలో తెఱచి యుంచి వాడవలెను. ఈనాడు బ్యాటరీతో నీటిలోనికి బుడగలు పంపు చిన్న యంత్రములు అంగళ్లలో దొరకుచున్నవి. అవి చేయు పనియు ఈ ధార చేయు పనియు నొకటియే.

వీనియన్నిటికంటె సులువైన ఉపాయము యేటి యొడ్డువారిది. వెదురు తట్టలో చిఱుచేపలనుంచి మూతకట్టి, పాఱు నీటిలో నీడ గల చోట సగము ముంచి రాతికి కట్టుదురు. నీరు మార్చు పని గోదావరియే చేయును. రొయ్యల విషయమున మాత్రము చిత్రము కలదు: కొలది వేడినీటిలో నుంచుటకంటె తడిగడ్డిలో చుట్టి చల్లగా నుంచినచో అవి ఎక్కువ సేపు బ్రదుకును; మొప్పలు తడిగా నున్నచో వానికి చాలును.

మిడుతలకు ఈ నియమములు తలక్రిందులు. ఎఱ్ఱకు తడి ప్రాణమైనచో మిడుతకు పొడి ప్రాణము. వెదురు గొట్టములో ఎండుగడ్డి వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి యుంచవలెను. తడి తగిలిన మిడుత బూజుపట్టి చచ్చును. ఒకే గాలమునకు పోవు రెండు ఎఱలకు రెండు విరుద్ధ ధర్మములు! ప్రాణి గుణ మెఱిగి పోషించుటయే ఈ విద్యకంతకును సారము. మన యిండ్లలో చంటిబిడ్డకొక తీరున, ముసలివారికొక తీరున అన్నము కలుపుటయు నిదియే కదా.

కప్పలను గూర్చి ఒక మాట. కొర్రమీనుకై చిన్న కప్పలను ఎఱగా గ్రుచ్చు వాడుక కలదు. దానిని సాకు విధము ఇక్కడ వ్రాయను. వరిచేలలో పురుగులను తిని పైరు కాపాడునది కప్ప. కప్ప తొడల ఎగుమతిని మన ప్రభుత్వము 1987 లో నిషేధించినది. ఎఱ్ఱతో తీరు పనికి కప్ప నేల? మఱియు కొర్రమీను తొలకరి తర్వాత పిల్లలను పెట్టును. నీటిపై ఎఱ్ఱని చిఱుచేపల గుంపు కుంకుమ చల్లినట్లు కదలుచుండగా, దాని క్రింద తల్లియు తండ్రియు కాపలా తిరుగుచుండును. ఆ సమయమున ఏది దగ్గఱకు వచ్చినను అవి కోపముతో కఱచును. వేటకాండ్రకు సులువుగా చిక్కును. ఆ జంట పోయిన పిమ్మట ఆ పిల్లలన్నియు ఇతర జంతువుల పాలగును. బిడ్డల తల్లులమైన మనము ఇంటిలోని మగపిల్లలకు ఆ దినములలో ఆ మడుగువైపు గాలము వేయవలదని చెప్పవలెను.

మిగిలిన చిఱుచేపలను జాలిచేత వేఱొక చెఱువులో విడుచుటయు మంచిది కాదు. ఒక నీటి రోగము మఱొక నీటికి పోవును. పట్టిన చోటనే విడువవలెను. కిన్నెరసాని జలాశయము అభయారణ్యములో నున్నది. అందు మొసళ్లును కలవు. అక్కడ అనుమతి లేక గాలము వేయుట చట్టమునకును, ప్రాణమునకును ప్రమాదమే.

గోదావరి దయామయి యనుకొని ఎల్లప్పుడు నమ్మరాదు. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 కి రెండవది, 53 కి మూడవది చేయుదురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు లేచెను. 2022 జూలైలో మఱల 71 అడుగులు దాటెను. అట్టి దినములలో ఎఱకుండను చూచి గాలము తీసికొని పోవుటకు ఎవరును తొందరపడరాదు. కుండలోని ఎఱ్ఱలు వారము ఓర్చుకొనును. వరద తగ్గి నీరు తేఱిన పిమ్మట బయలుదేఱవచ్చును. ఎఱ నిలువ యున్న యింట ఈ ఓర్పు సాధ్యము. దినదినము వెదకుకొను నింట, ఏఱు పొంగుచున్నను తడియొడ్డు త్రవ్వుటకు పిల్లలు పోవుదురు. ఎఱకుండ కూరను మాత్రమే కాక పిల్లలను గూడ కాపాడునని ఇందుచేత చెప్పవచ్చును.

ఈ సీమ పటము నేడు మాఱినది. 2014 లో కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినవి. 2016 లో భద్రాద్రి కొత్తగూడెము ప్రత్యేక జిల్లా యైనది. పోలవరము జలాశయము క్రింద మునుగు పల్లెలవారికి దూరమున పునరావాస గృహములు కట్టుచున్నారు. ఇంటికి బదులు ఇల్లు ఇయ్యవచ్చును. భూమికి బదులు భూమి ఇయ్యవచ్చును. యేటి నుండి దూరముగా పోయిన యింట ఎఱకుండకు పనియుండదు. ఏ తడి ఎంత, ఏ నీడ ఎప్పుడు, ఏ చేపకు ఏ ఎఱ యను జ్ఞానము ఒక తరములో మఱుగైపోవును. దానికి నష్టపరిహారము లెక్క కట్టు పట్టిక ఏదియు లేదు. అందుచేతనే దానిని వ్రాసి యుంచుట మన విధి.

చేపను పట్టినవానిని ఊరు పొగడును. కాని ఆ చేప గట్టుమీదికి వచ్చుటకు వెనుక ఒక స్త్రీ పదునైదు దినములు గోనె తడిపినది, తొక్కలు తరిగి వేసినది, చీమలను తోలినది, చచ్చినదానిని తీసివేసినది. పాలు తోడుపెట్టుట, ఊరగాయకు తడి తగులనీయకుండుట, విత్తనములు బూడిదలో దాచుట ఎట్టి పనులో ఇదియు నట్టిదే. నిలిచియున్నంతవరకు ఎవరికిని కానరాదు. చెడిననాడు మాత్రమే అందఱికిని తెలియును. చదువరులైన సోదరీమణులలో మాంసాహారము లేనివారు పెక్కురుందురు. వారికిని ఈ కుండ ఉపయోగమే: ఎఱ్ఱలు తిని విడిచిన నల్లని మట్టి తులసికోటకును మల్లెపాదునకును శ్రేష్ఠమైన ఎరువు. పెరటిలో నీడ కల చోట ఒక పాతకుండ నుంచి, పిల్లలచేత దినమున కొకమాఱు తడి చూపించుడు. ప్రాణిని చల్లగా, శుభ్రముగా, ఇఱుకు లేకుండ ఉంచుట వారు అక్కడ నేర్చుకొందురు. భద్రాద్రి యాత్రకు పోయినప్పుడు దర్శనానంతరము ఒక పూట యేటి గట్టున నడువుడు. జలదారి ప్రక్కన గోనె కప్పిన కుండ కనబడినచో, గాలము వేసినవానితోపాటు దానిని సాకిన చేతిని గూడ పలుకరింపుడు.